ఆడపిల్లల చేతికీ కర్ర ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే మీ పత్రిక జిల్లా పేజీల్లో వేసవి శిబిరాల వార్తలు వస్తుంటాయి. కరాటే, ఈత, స్కేటింగ్, చదరంగం అన్నీ ఉంటాయి. కర్రసాము మాత్రం ఎక్కడా కనబడదు. దాని గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పుట్టిల్లు పరకాల దగ్గర ఒక పల్లె. పెళ్లయి వరంగల్ కొత్తవాడకు వచ్చాను. మా ఇంట్లో మగ్గం ఉంది, నేను కుట్టు మిషన్ కూడా నడుపుతాను. మా బాపు కర్రసాము చేసేవాడు. పీర్ల పండుగ దగ్గర పడుతుందంటే మా ఊరి ఉస్తాద్ కర్రసాము నేర్పే తాలీం మొదలుపెట్టేవాడు. కులం, మతం అని లేకుండా ఊళ్లోని మగపిల్లలంతా పొద్దుగూకినాక అక్కడే ఉండేవాళ్లు. నా తమ్ముళ్లిద్దరూ పోయేవాళ్లు. నేను గోడ మీద కూర్చుని చూసేదాన్ని. ఒకరోజు తమ్ముడి కర్ర తీసుకుని తిప్పబోతే బాపు గుంజుకున్నాడు. "ఆడపిల్లవు, నీకెందుకే కర్ర?" అన్నాడు. బాపు చెడ్డవాడు కాదు. ఆ రోజుల్లోనే నన్ను పదో తరగతి దాకా చదివించాడు. అయినా ఆ మాట 35 ఏళ్లుగా నా మనసులోంచి పోలేదు.

మళ్లీ నా చేతికి కర్ర వచ్చింది మా బిడ్డ వల్ల. తను ఫిలిప్పీన్స్‌లోని దవావోలో డాక్టరు చదువు చదివింది. మన దగ్గరి పిల్లలు చాలామంది అక్కడికి పోతున్నారు కదా. సాయంత్రాలు అక్కడ అర్నిస్ నేర్చుకుంది. అర్నిస్, ఎస్క్రిమా, కాలి అని రకరకాలుగా పిలుస్తారు గానీ, అది వాళ్ల కర్రసాము. ఇప్పుడు ఇంటికొచ్చి, బయటి దేశాల్లో డాక్టరు చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్షకు చదువుతోంది. పొద్దంతా పుస్తకాల ముందు టెన్షన్ పడి, చల్లబడ్డాక డాబా ఎక్కి కర్ర పడుతుంది. పోయిన కార్తీకంలో ఒకరోజు "నువ్వూ రా అమ్మా" అని పిలిచింది.

మొదటి రోజే చేతికి కర్ర ఇచ్చింది. అక్కడ అంతేనట. ముందు కర్ర నేర్పి, ఒట్టి చేతుల పట్లు తర్వాత నేర్పుతారు. కర్ర పట్టి చెయ్యి ఏ తోవలో కదులుతుందో, ఒట్టి చెయ్యి కూడా అదే తోవలో కదులుతుందని తను చెప్పింది. తర్వాత ముగ్గుపిండి తెచ్చి నేల మీద మూడు మూలల గీత గీసింది. ఒక మూల మీద నన్ను నిలబెట్టి, తను ఎదురుగా వచ్చి కర్ర ఎత్తింది. నేను తిన్నగా వెనక్కి పోయాను. "వెనక్కి ఎంత పోతావు, గోడ వస్తుంది. గీత వెంట ఏటవాలుగా ముందుకు జరుగు" అన్నది. రెండు వారాలు అదే చేయించింది. రోజూ పొద్దున వాకిట్లో ముగ్గు పెట్టే నాకు ఆ గీత తొందరగానే కాళ్లకు అలవాటైంది.

వాళ్లు ఎక్కువగా వాడేది 28 అంగుళాల పొట్టి కర్ర. నాకు ఇష్టమైంది మాత్రం రెండు చేతులతో పట్టే పొడుగు కర్ర. దాన్ని సిబాట్ అంటారు, అంటే బల్లెం. వెనక చెయ్యి తోస్తుంది, ముందు చెయ్యి దారి చూపిస్తుంది. నేను మొదట్లో రెండు చేతులతోనూ బిగించి పట్టేదాన్ని, పొడుపు సగంలోనే ఆగిపోయేది. "ముందు చెయ్యి వదులు చెయ్యమ్మా, మగ్గం మీద నాడె జారినట్టు జారాలి" అన్నది. ఆ ఒక్క మాటతో నాకు పట్టు తెలిసింది. రెండు కర్రలతో చేసే సాధనకు సినవాలి అని పేరు. వాళ్ల భాషలో సవాలి అంటే వెదురు తడక. ఒక కర్ర పైనుంచి, ఒక కర్ర కిందనుంచి, తడక అల్లినట్టే పోతాయి. నేత ఇంట్లో బతికే నాకు అది విని ఎంత సంతోషమయిందో చెప్పలేను.

దెబ్బల భయం గురించి కూడా చెప్పాలి. మా తాలీంలో వెదురు కర్ర పగిలి చిన్న తమ్ముడి అరచేతిలో చీలిక దిగింది. నెల రోజులు అన్నం కలుపుకోలేకపోయాడు. ఫిలిప్పీన్స్‌లో పేము కర్ర వాడతారు. లోపల నిండుగా ఉంటుంది, నలిగితే పీచు లేస్తుంది తప్ప చీలికలు ఎగరవు. పాతకాలంలో అక్కడా సాధనలోనే ఎదుటివాళ్ల చేతి మీద కొట్టేవారట. అలా దెబ్బలు తిని పిల్లలు మానేస్తున్నారని, రెమీ ప్రేసాస్ అనే గురువు కర్రకు కర్రే తగిలేలా సాధన మార్చాడు. కణతల నుంచి నడినెత్తి దాకా 12 దెబ్బలకు వరుసగా నంబర్లు పెట్టి బడి పిల్లలు కూడా నేర్చుకునేలా చేశాడు. మాకు ఇక్కడ పేము దొరకలేదు. మేదరి వాళ్ల దగ్గర లోపల బోలు లేని గట్టి వెదురు, నా కనుబొమ్మల ఎత్తుది తెచ్చి, రెండు కొసలకూ పాత చీర గుడ్డ చుట్టాను.

ఫిలిప్పీన్స్ 2009లో చట్టం చేసి అర్నిస్‌ను జాతీయ యుద్ధకళగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. వాళ్ల బడి పిల్లల జాతీయ పోటీల్లో మొదటి రోజు మొదటి ఆట అదే ఉండాలని ఆ చట్టంలోనే రాశారు. మన దేశంలో కూడా 2020లో ఖేలో ఇండియా యువజన క్రీడల్లో పంజాబు గట్కా, కేరళ కలరిపయట్టు, మణిపూర్ థాంగ్-తా, స్తంభం మీద చేసే మల్లఖంబ్ చేర్చారు. పంజాబు కర్రకు, కేరళ కర్రకు చోటు దొరికింది. మన కర్రసాము ఇంకా పండుగ ఊరేగింపుల్లోనే ఉంది. అక్కడ కర్ర గిరగిర తిప్పడమే చూస్తాం, అడుగు ఎట్లా వేయాలో, ఎంత దూరంలో నిలబడాలో ఎవరూ విడమరిచి చెప్పరు. మా ఉస్తాద్‌కు అవన్నీ తెలుసు, కానీ పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకే అబ్బేవి.

రోజూ కర్ర పట్టుకుని తిరుగుతారా అని మా వాడలో కొందరు అడిగారు. గొడుగు ఉంటుంది, చీపురు కట్టె ఉంటుంది. ఏదీ లేకపోయినా, మీదికి వచ్చే మనిషి చెయ్యి ఎంత దూరం అందుతుందో కంటికి తెలుస్తుంది. ఎప్పుడు పక్కకు జరిగి ఉరకాలో కాళ్లకు తెలుస్తుంది. ఆదివారాలు మా డాబా మీదికి వచ్చే నలుగురు ఆడపిల్లల్లో ఆరో తరగతి పాప, మొదట్లో కర్ర ఎత్తగానే కళ్లు మూసుకునేది. ఇప్పుడు మూసుకోవడం లేదు.

సర్కారు బడుల్లో ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి పేరుతో 3 నెలల ఆత్మరక్షణ శిక్షణ ఎలాగూ ఉంది. కొత్త పథకం అడగడం లేదు. అందులోనే కర్రసాము చేర్చమని, కస్తూర్బా బడులతో, గురుకులాలతో మొదలుపెట్టమని మన జిల్లా విద్యాధికారులను కోరుతున్నాను. పీఈటీలకు మన ఊళ్లలోని ఉస్తాదులతోనే నేర్పించాలి, వాళ్లకు గౌరవంగా జీతం ఇవ్వాలి. మా ఊరి తాలీంలో నేర్చినవాళ్లలో ఇప్పటికీ కర్ర పట్టగలిగేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఇద్దరికీ 70 దాటాయి. జూన్‌లో బడులు తెరిచేలోపు వాళ్లను ఎవరైనా ఒకసారి వచ్చి కలిస్తే, ఊరికి నేనే తీసుకుపోతాను.

- ఒక నేత ఇల్లాలు, కొత్తవాడ, వరంగల్