తక్కువ డబ్బుతో పోషకాహారం: సలహాతో పాటు లెక్క కూడా చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ పత్రికలో వచ్చే ఆరోగ్యం పేజీని నేను ఏళ్లుగా చదువుతున్నాను. రక్తహీనత ఉన్నవారు ఏం తినాలి, ఎముకలు గట్టిపడాలంటే ఏం తినాలి, ఎదిగే పిల్లలకు ఏం పెట్టాలి వంటి ప్రశ్నలకు అందులో నిపుణులు చెప్పే సమాధానాల్లో శాస్త్రపరంగా తప్పుపట్టవలసిందేమీ కనబడదు. అయితే బాదం, అక్రోటు, ఖరీదైన పళ్లు, రకరకాల విత్తనాలు అంటూ సాగే ఆ జాబితాలను నెలాఖరు ఎలా గడుస్తుందా అని ఆలోచించే ఇల్లాలు చదివినప్పుడు ఆమెకు అర్థమయ్యేది వేరు. మంచి తిండి డబ్బున్నవారి వ్యవహారమని, తమకు కడుపు నిండితే అదే పదివేలని ఆమె అనుకుంటుంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. అతి తక్కువ డబ్బుతో ఇల్లు గడుపుకునేవారికి సలహా ఇచ్చేటప్పుడు డబ్బు లెక్కతోనే మొదలుపెట్టాలని, ఆ లెక్క ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా దాచకుండా చెప్పాలని నా మనవి.

సరుకులు కొనేటప్పుడు మనందరం చూసేది కిలో ధర. పోషణ విషయంలో ఆ కొలత మనల్ని పక్కదారి పట్టిస్తుంది. పాలలో నూటికి 87 పాళ్లు నీరే. ఎండిన పప్పుగింజల్లో నీరు పదోవంతుకు అటూ ఇటూ ఉంటుంది. అందువల్ల కిలో పప్పునూ కిలో పాలనూ ధరతో పోల్చి ఏది చవకో తేల్చడం కుదరదు. పెట్టిన డబ్బుకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులు, ఎంత శక్తి, ఎంత ఇనుము వస్తున్నాయో చూడాలి. తొక్క, గింజ, ఎముక తీసేశాక తినడానికి మిగిలేదెంతో కూడా ఆ లెక్కలో కలుపుకోవాలి. ఇలా లెక్క వేస్తే సాధారణంగా ధాన్యం, పప్పుగింజలు, వేరుశనగ, గుడ్లు, ఆకుకూరలు ముందు వరుసలోకి వస్తాయి, ప్రకటనల్లో పేరుమోసినవి చాలా వెనక్కి పోతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకు 0.83 గ్రాముల చొప్పున, అంటే 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మేలైన మాంసకృత్తులు కావాలి. ప్రధానంగా ధాన్యం మీద ఆధారపడేవారి తిండిలో వాటి నాణ్యత కొంత తక్కువగా ఉంటుంది కాబట్టి 60 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోవడం క్షేమం. 400 గ్రాముల బియ్యంలో దాదాపు 28 గ్రాములు, 80 గ్రాముల పప్పులో 18, ఒక గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుశనగ గింజల్లో 7 నుంచి 8, ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. అన్నీ కలిపితే 60 గ్రాముల దాకా వస్తుంది. బియ్యం బదులు గోధుమలు తినేవారికి ఇంకా ఎక్కువే అందుతుంది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలు అనే చిన్న భాగాలతో తయారవుతాయి. ధాన్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో కొరతగా ఉండే మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం ధాన్యంలో తగినంత ఉంటుంది. రెండింటినీ ఒకే పూట కలిపి తినాలన్న నియమం కూడా లేదు, ఒకే రోజులో వేర్వేరు పూటల తిన్నా సరిపోతుంది. ఈ సంగతి వివరంగా తెలిస్తే మాంసం కొనలేకపోతున్నామని కుమిలిపోయే కుటుంబాలకు ఎంతో ధైర్యం వస్తుంది.

ఇంతటితో పోషణ పూర్తయిందని చెప్పడం మాత్రం అన్యాయం. పైన చెప్పిన భోజనంలో కాల్షియం చాలదు, విటమిన్ ఎ, విటమిన్ సి చాలవు, ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది కొద్దిగానే. ఈ లోటులో పెద్ద భాగాన్ని చవకగా పూడ్చగలిగేవి ఆకుకూరలే. వాటిలో ఉండి, ఒంట్లో విటమిన్ ఎగా మారే కెరోటిన్ ఒంటబట్టాలంటే కూరలో కాస్త నూనె ఉండాలి. వాటిలోనూ పప్పుల్లోనూ ఉన్న ఇనుము అందాలంటే అదే భోజనంలో నిమ్మరసమో, జామపండు ముక్కో, వండని టమాటా ముక్కో ఉండాలి. భోజనం ముగియగానే టీ, కాఫీ తాగితే వాటిలోని టానిన్లు ఆ ఇనుమును అడ్డుకుంటాయి. ఒక గంట ఆగితే ఆ నష్టం తగ్గుతుంది. ఆగడానికి ఖర్చేమీ లేదు. కాల్షియం కోసం మాత్రం పాలు, పెరుగు, లేదా ముళ్లతో సహా నమిలి తినగలిగే చిన్న చేపలు వంటివి కొంతైనా కావాలి. ఇక విటమిన్ బి12 మొక్కల నుంచి వచ్చే ఆహారంలో ఉండదు. అందువల్ల ఇంట్లో చివరగా మిగిలిన కాస్త డబ్బు దేని మీద పెట్టాలని ఎవరైనా నన్నడిగితే గుడ్ల మీదో, పాల మీదో, చిన్న చేపల మీదో పెట్టమంటాను. అవేవీ తినని నియమం ఉన్నవారు వైద్యుని అడిగి బి12 మాత్రలు వాడుకోవలసిందే.

ఇలా జాగ్రత్తగా కూడబెట్టిన డబ్బు ఎక్కడ జారిపోతుందో కూడా మీ పేజీలో రాయాలి. నాకు తెలిసిన ఒక అమ్మాయి తన బిడ్డ బరువు పెరగడం లేదన్న బెంగతో ఒక పోషకాల పొడి డబ్బా కొని, సరిగ్గా ఎలా కలపాలో చెప్పమని నా దగ్గరకు తెచ్చింది. డబ్బా ముందు భాగాన ఎత్తు పెరుగుతున్న పిల్లవాడి బొమ్మ, వెనకవైపు కళ్లు చికిలించి చదవవలసినంత సన్నని అక్షరాలు. ప్యాకెట్ల మీద పదార్థాల పేర్లను బరువును బట్టి, ఎక్కువ ఉన్నది ముందు వచ్చేలా రాయాలన్నది చాలా దేశాలు పాటించే నియమం. ఆ డబ్బా మీద మొదటి పేరు ధాన్యపు మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, రెండోది పంచదార, పాలపొడి ఆ తరువాత ఎక్కడో ఉంది. ఇద్దరం కూర్చుని కాగితం మీద లెక్క కట్టాం. వారు చెప్పిన మోతాదు ప్రకారం పొడి నుంచి రోజుకు అందే మాంసకృత్తులు ఒక గుడ్డులో ఉన్నవాటిలో సగం కూడా లేవు, ఖర్చు చూస్తే గుడ్డు కంటే ఎక్కువ. దానిలో కలిసిన విటమిన్లు, ఖనిజాల విలువను నేను కాదనను. కానీ బిడ్డ బలం కోసం తల్లి తన కడుపు మాడ్చుకుని దాచిన డబ్బు పంచదారకు పోవడం చూస్తే మనసు తరుక్కుపోయింది. బయటి నుంచి చేర్చే చక్కెర రోజు మొత్తం శక్తిలో పదోవంతు దాటకూడదని, అందులో సగానికి తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అమ్మాయిని ఎవరూ నిందించడానికి లేదు, ఎందుకంటే డబ్బా వెనక చదవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

కొన్నదాన్ని వంటలో పోగొట్టుకోకుండా చూసుకోవడం కూడా పొదుపే. బియ్యాన్ని నాలుగైదు సార్లు రుద్ది కడిగినా, ఉడికించిన నీళ్లు పారబోసినా బి విటమిన్లు వాటితో పాటే పోతాయి. సరిపడా నీళ్లు పోసి ఇగరబెడితే అవి అన్నంలోనే ఉంటాయి. ఉప్పుడు బియ్యంలో థయమిన్, అంటే విటమిన్ బి1, ఎక్కువగా నిలిచి ఉంటుంది, వడ్లను పొట్టుతో ఉడికించినప్పుడు అది గింజ లోపలికి చేరుకోవడమే దానికి కారణం. కూరగాయలను ముందు కడిగి తరువాత తరగాలి, తక్కువ నీటిలో మూత పెట్టి వండాలి. గట్టి గింజలను రాత్రి నానబెడితే వంటచెరకు, గ్యాసు కలిసివస్తాయి, ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. మొలకెత్తిస్తే గింజలో లేని విటమిన్ సి పుడుతుంది. ఇక్కడ రెండు హెచ్చరికలు తప్పనిసరి. రాజ్మా గింజలను నానబెట్టిన నీరు పారబోసి, కొత్త నీటిలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించి, ఆపైన మెత్తగా ఉడికించాలి; సగం ఉడికిన రాజ్మా వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. బూజు పట్టిన వేరుశనగలను చవకగా వస్తున్నాయని ఎన్నడూ కొనవద్దు, ఎందుకంటే వాటిలో ఉండే అఫ్లాటాక్సిన్ కాలేయానికి హాని చేసే విషం, వేయించినా పూర్తిగా పోదు.

పసిపిల్లల విషయం వేరుగా చెప్పాలి. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ అక్కర్లేదు. ఆ తరువాత తల్లిపాలు కొనసాగిస్తూ ఇతర ఆహారం మొదలుపెట్టినప్పుడు చాలామంది చేసే పని పలచటి జావ పట్టడం. బిడ్డ పొట్ట చాలా చిన్నది. నీళ్లతో అది నిండిపోతుంది, బలం మాత్రం చేరదు. అదే జావను చెంచా జారితే మెల్లగా పడేంత చిక్కగా చేసి, మెదిపిన పప్పు, మెత్తగా నూరిన వేరుశనగ, ఒక చెంచా నూనె కలిపితే ఖర్చు పెద్దగా పెరగకుండానే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

చవకదనం ఒక్కటే చూసుకుంటే ఏమవుతుందో చెప్పే ఒక పాత లెక్క ఉంది. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో 77 ఆహార పదార్థాలను, తొమ్మిది పోషకాల అవసరాలను తీసుకుని, అన్ని అవసరాలనూ అతి తక్కువ ఖర్చుతో తీర్చే భోజనం ఏదని లెక్క కట్టాడు. తేలినవి గోధుమపిండి, డబ్బా పాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు జాతి గింజలు, ఈ ఐదే. ఇలాంటి తిండిని ఎవరూ ఎవరికీ సిఫారసు చేయరని ఆయనకు తెలుసు. ఏడాది పొడవునా అవే ఐదు తినమని ఖైదీకి కూడా చెప్పలేం. పేదవారి నాలుకకు రుచి ఉంటుందని, పండగపూట ఒక తీపి వస్తువు కావాలనిపిస్తుందని సలహా ఇచ్చేవారు మరచిపోకూడదు. ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరప, పులుపు వంటివి కూడా పోషణ ఖర్చులో భాగమే, ఎందుకంటే నోటికి పట్టని పప్పు గిన్నెలోనే మిగిలిపోతుంది.

ఇక కష్టమైన మాట. పప్పులు మూటగా కొంటే చవక అని చెప్పడం సులభం. రోజు కూలి మీద బతికేవారి చేతిలో మూటకు సరిపడే డబ్బు ఎప్పుడూ ఒకేసారి ఉండదు, పొట్లాలుగా కొనక తప్పదు, పొట్లం ధర ఎప్పుడూ ఎక్కువే. గంటసేపు ఉడికే గింజలకు ఇంధనం కావాలి, రెండు చోట్ల పనిచేసి వచ్చిన మనిషికి ఓపిక కావాలి, మిగిలింది దాచుకోవడానికి ఫ్రిజ్ కావాలి. ఇంట్లో అందరికీ వడ్డించి చివర కూర్చునే మనిషికి గిన్నె అడుగున మిగిలేది ధాన్యమే. ఇనుము అందరికంటే ఎక్కువ అవసరమైన గర్భిణి చాలాసార్లు ఆ చివరి మనిషే అవుతుంది. ఆదాయం తగ్గే కొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని జర్మనీ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లోనే చూపించాడు. కేవలం కడుపు నింపే పిండిపదార్థాల భోజనంతో పోలిస్తే ఆరోగ్యకరమైన భోజనానికి సగటున ఐదు రెట్లు ఖర్చవుతుందని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2020లో లెక్క చెప్పాయి. 2024లో ప్రపంచంలో సుమారు 260 కోట్ల మందికి ఆ ఖర్చు భరించే స్తోమత లేదని అవే సంస్థల అంచనా. అంతమందికీ వంట తెలియదని, పొదుపు రాదని అనగలమా? ఒక మట్టం కంటే కిందికి పోయాక ఎంత తెలివిగా కొన్నా, ఎంత జాగ్రత్తగా వండినా పోషణ పూర్తికాదు. అక్కడ కావలసింది ఆదాయం, బడిలో పిల్లలకు భోజనం, గర్భిణులకు అదనపు ఆహారం, ధాన్యంతో పాటు పప్పు, నూనె కూడా అందించే ప్రజా పంపిణీ.

కాబట్టి మీ పేజీకి రాసే నిపుణులను మూడు పనులు చేయమని కోరండి. ఏ ఆహారం సూచించినా, అదే పోషకాన్ని అందులో నాలుగోవంతు ఖర్చుతో ఇచ్చే మరో ఆహారం ఉంటే దాన్ని పక్కనే రాయాలి. మోతాదులను గ్రాములతో పాటు గుప్పెడు, గరిటె, చెంచా కొలతల్లో ఇవ్వాలి, ఎందుకంటే చాలా వంటిళ్లలో త్రాసు ఉండదు. చెప్పిన భోజనం ఒక మనిషికి రోజుకు ఎంత ఖర్చవుతుందో కింద ఒక వరుసలో వేయాలి. ఆ ఖర్చు సామాన్య కుటుంబం భరించలేనంతగా ఉంటే, ఆ విషయాన్ని మీ సంపాదకీయం పాలకుల దృష్టికి తీసుకువెళ్లాలి.

భవదీయురాలు,
మీ పాఠకురాలు