చీటీ మీద క్రియాటినిన్‌కి ఒక గడి పెట్టించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను కంచిలి దగ్గర మందుల షాపు నడుపుకుంటున్న ఫార్మసిస్టుని. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది, డయాలసిస్ వాళ్లకు నెలకు 10,000 రూపాయల పెన్షనూ వస్తోంది. నా గోడు వేరే. ఆ రోగికి జ్వరమొచ్చి యాంటీబయాటిక్ పడ్డాక, అరుదుగానే అయినా, జరిగేదాని గురించి.

సెఫిపైమ్ అనే యాంటీబయాటిక్ ఇంజక్షన్ ఉంది. ముదిరిన ఇన్ఫెక్షన్లకు మంచి మందు. చాలావరకు మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీలు చెడినవాళ్లకు మామూలు డోసే వేస్తూ పోతే ఒంట్లో పేరుకుని మెదడుకి ఎక్కుతుంది. నాలుగైదు రోజులకల్లా మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, చేతులు ఉన్నట్టుండి అదురుతాయి. కొందరు కళ్లు తెరిచే ఉంటారు, పిలిస్తే పలకరు. అవి పైకి కనపడని ఫిట్స్ కావచ్చు, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీస్తే గానీ తేలదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే దీని మీద హెచ్చరించింది. అదే కోవకి చెందిన సెఫ్‌ట్రయాక్సోన్‌తో కూడా డయాలసిస్ రోగుల్లో ఇలాంటివి అక్కడక్కడా బయటపడ్డాయి.

ఇంట్లోవాళ్లేమో యూరియా తలకెక్కిందనుకుంటారు, లేదా గాలి సోకిందంటారు. మందు మీదికి ఎవరి అనుమానమూ పోదు. ఆ అనుమానం వస్తే మాత్రం, మందు ఆపి అవసరమైతే డయాలసిస్ చేస్తే చాలామంది కొద్ది రోజుల్లోనే తేరుకుంటారు.

అలాగని యాంటీబయాటిక్ వద్దనడం లేదు. డయాలసిస్ రోగికి ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది, భయపడి అరకొర డోసు వేసినా ముప్పే. కిడ్నీ పనితీరుకి తగ్గ డోసు కావాలి, అంతే.

నా షాపులో షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు ఉంది. ఇలాంటి మందు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎంత ఇచ్చామో రాయాలి. కిడ్నీ సంగతి రాయడానికి గడే లేదు! ఉద్దానం మండలాల్లో పీహెచ్‌సీ ఓపీ చీటీ మీదైనా చివరి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, డయాలసిస్ ఉందా అని రెండు గడులు పెట్టించండి. రంగు కాగితం మీద కొట్టించినా సరే. డయాలసిస్ కేంద్రాల్లో డోసులు సరిచూసే ఫార్మసిస్టుని పెట్టండి. ఊళ్లో ఆర్‌ఎంపీలకీ ఇది చెప్పించాలి. నచ్చినా నచ్చకపోయినా మొదటి సూది పడేది అక్కడే.

మందు వికటిస్తే ఫిర్యాదు చేయడానికి 2010 నుంచి దేశమంతటికీ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. 1800-180-3024కి రోగి బంధువులే ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ప్రతి డయాలసిస్ గది గోడ మీదా రాయించండి.

ఇట్లు,
కంచిలి మండలం నుంచి ఒక ఫార్మసిస్టు
శ్రీకాకుళం జిల్లా