మైక్రోనేషన్ల లఘుచిత్రోత్సవం: జమా ఖర్చుల వివరణ

సభ్యులకు, దాతలకు నమస్కారం. గత అక్టోబరులో లండన్‌లో రెండు రోజులపాటు జరిగిన మన మైక్రోనేషన్ల (తమకు తామే దేశాలుగా ప్రకటించుకున్నా ఏ ప్రభుత్వమూ గుర్తించని చిన్న చిన్న 'దేశాల') లఘుచిత్రోత్సవానికి వసూలైన సొమ్ము, అందులో అయిన ఖర్చు ఈ ప్రకటన ద్వారా తెలియజేస్తున్నాము. నెల తిరగకముందే చెప్పవలసిన లెక్క ఇది. బహుమతుల పార్సిళ్ల పద్దు తేలకుండా పుస్తకం మూయడం ఇష్టం లేక ఆగాము, ఆలస్యానికి మన్నించాలి. ఈలోగా "కమిటీ వాళ్లు ఆ డబ్బంతా ఏం చేశారు?" అన్న మాట మా చెవిన పడింది. బాధ కలిగిన మాట నిజమే కానీ, డబ్బు ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంది. దాతల్లో సగానికి పైగా తెలుగువారే కనుక వివరణ తెలుగులోనూ ఇస్తున్నాము.

జమలు: 41 మంది దాతల నుంచి 1,640 పౌండ్లు, 26 చిత్రాలకు 8 పౌండ్ల చొప్పున ప్రవేశ రుసుము 208, హాలు గుమ్మం దగ్గర పెట్టిన డబ్బాలో పడినవి 312, వెరసి 2,160 పౌండ్లు. ఇవి కాక ఏడుగురు ఇస్తామని మాట ఇచ్చిన 285 పౌండ్లు ఇంకా రాలేదు. మూడుసార్లు గుర్తు చేశాము. వారి పేర్లు ఇక్కడ రాయడం లేదు గాని, ఆ హామీలను నమ్మే హాలు రెండో రోజుకు కూడా మాట్లాడుకున్నామని వారు గమనించాలి.

ఖర్చులు: హాలు అద్దె 360, ప్రొజెక్టరు, తెర, స్పీకర్ల అద్దె 240, సబ్‌టైటిళ్లకు, ప్రదర్శన ప్రతులకు 210, న్యాయనిర్ణేతల భోజనాలు, టీలు 163, ప్రశంసాపత్రాలు, కరపత్రాల ముద్రణ 97, బ్యాంకు రుసుములు 38 పౌండ్లు. వీటిలో ప్రతుల ఖర్చు గురించి ఒక్కమాట. యూరప్ నుంచి వచ్చిన చిత్రాల్లో కొన్ని సెకనుకు 25 ఫ్రేముల్లో, మిగతావి 24 ఫ్రేముల్లో ఉండటంతో, అన్నీ ఒకే వరుసలో వేసి చూసినప్పుడు మాట ఒకచోట, పెదవి ఒకచోట పోయింది. దాన్ని సరిచేయించడానికే ఆ డబ్బు పోయింది.

'పాస్‌పోర్ట్ టు పిమ్లికో' అనే పాత చిత్రం ప్రదర్శనకు లైసెన్సు నిమిత్తం 144 పౌండ్లు కట్టాము. దీనిమీద అభ్యంతరం వచ్చింది. ఆ చిత్రమే ఎందుకో ముందు చెబుతాము. 1977 అక్టోబరు 31న పశ్చిమ లండన్‌లోని ఫ్రెస్టన్ రోడ్డు వాసులు, ఇళ్లు ఖాళీ చేయించబోతున్నారని తెలిసి, తమ వీధిని ఫ్రెస్టోనియా అనే స్వతంత్ర దేశంగా ప్రకటించుకున్నారు. విడదీయకుండా అందరికీ ఒకేచోట ఇళ్లివ్వక తప్పని పరిస్థితి కల్పించాలని అందరూ బ్రామ్లీ అనే ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారు. వారు జాతీయ చలనచిత్ర సంస్థ కూడా పెట్టుకుని మొదట ప్రదర్శించిన వాటిలో 1949 నాటి 'పాస్‌పోర్ట్ టు పిమ్లికో' ఒకటి. మన ఉత్సవం కూడా దానితోనే మొదలుకావాలని సర్వసభ్య సమావేశంలో మీరందరూ చేతులెత్తి తీర్మానించారు. "అంత పాత సినిమాకు డబ్బు ఎందుకు, డీవీడీ ఇంట్లోనే ఉందిగా" అన్నది ప్రశ్న. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డీవీడీ నలుగురికీ వేయడానికి చెల్లదు. టికెట్ పెట్టకపోయినా అంతే. బ్రిటన్‌లో దర్శకుడు, రచయిత, సంగీత దర్శకుడు వంటివారిలో చివరివారు పోయాక కూడా 70 ఏళ్లు హక్కు నిలుస్తుంది. ఈ చిత్ర రచయిత టి.ఇ.బి. క్లార్క్ పోయింది 1989లో. లాభాపేక్ష లేకుండా, సామాజిక హాలులో, 500 మందికి మించకుండా, రాత్రి 11 లోపు వేసే సినిమాకు స్థానిక కౌన్సిలు అనుమతి అక్కర్లేదన్న మాట నిజమే, కానీ ఆ మినహాయింపు కాపీరైటుకు వర్తించదు. మన జెండాను, మన తపాలా బిళ్లను ఎదుటివారు గౌరవించాలని కోరుకునే మనం మరొకరి హక్కును దాటిపోవడం సబబు కాదని కమిటీ అప్పుడూ అనుకుంది, ఇప్పుడూ అనుకుంటోంది.

ఇక బహుమతులు. ఐదు జ్ఞాపికలకు 85 చొప్పున 425 పౌండ్లు, మొదటిసారి పంపిన తపాలా ఖర్చు 112, రెండోసారి 56. ఒక విజేత స్వయంగా వచ్చి అందుకున్నారు, మిగతా నాలుగు జ్ఞాపికలను విదేశాలకు పంపవలసి వచ్చింది. ఇద్దరు విజేతలు తమ చిరునామా చివరి వరుసలో తమ మైక్రోనేషన్ పేరే రాయాలని కోరారు. ఆ పేరు కోసమే ఏళ్లుగా శ్రమిస్తున్నవారి కోరిక కాదనలేక, కస్టమ్స్ ఫారంలో మాత్రం అందులోని దేశాల జాబితాలో ఉన్న పేరు పెట్టి, పెట్టెమీద వారు అడిగినట్టే రాశాము. ఏడు వారాల తర్వాత రెండూ మా గుమ్మానికే తిరిగొచ్చాయి. ఒకదాని మూల నలిగిపోయి ఉంది, చివరి వరుస చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. విప్పి చూస్తే చెక్క పీఠంమీది ఇత్తడి రీలు మాత్రం చెక్కుచెదరలేదు. 1976లో ఆస్ట్రేలియాలో హట్ రివర్ అనే మైక్రోనేషన్ వారి ఉత్తరాలను అక్కడి తపాలా శాఖ నిరాకరిస్తే, వాటిని కెనడా మీదుగా పంపించుకోవలసి వచ్చింది. ఆ సంగతి తెలిసీ మేము జాగ్రత్తపడకపోవడం మా పొరపాటే, ఒప్పుకుంటున్నాము. అయితే విజేత కోరిన పేరు రాయడం పొరపాటని మాత్రం అనుకోవడం లేదు. దాని కింద ఆతిథ్య దేశం (ఆ మైక్రోనేషన్ ఏ దేశపు నేలమీద ఉందో ఆ దేశం) పేరు కూడా రాసి ఉంటే సరిపోయేది. రెండోసారి అలాగే రాశాము. బహుమతి బదులు ఈమెయిల్లో ప్రశంసాపత్రం పంపితే చాలదా అన్నవారికి మా జవాబు ఇదే: ఏ ప్రభుత్వమూ గుర్తించని దేశంలో సినిమా తీసినవారికి చేతిలో పట్టుకోగలిగే గుర్తింపు ఆ జ్ఞాపిక ఒక్కటే.

మొత్తం ఖర్చు 1,845 పౌండ్లు, నిల్వ 315. ఈ నిల్వ బ్యాంకులోనే ఉంది. వోచర్లు, బిల్లులు, తిరిగొచ్చిన పెట్టెల అట్టలు కోశాధికారి దగ్గర భద్రంగా ఉన్నాయి, ఏ ఆదివారమైనా వచ్చి చూడవచ్చు. అడిగిన వెంటనే చందా పంపి, హాలులో కుర్చీలు కూడా సర్దిన దాతలకు మా కృతజ్ఞతలు. రెండోసారి పంపిన రెండు పార్సిళ్లలో ఒకటి అందినట్టు సంతకం వచ్చింది. రెండోది ఇంకా దారిలో ఉంది. అది మళ్లీ తిరిగొస్తే మూడోసారి పంపే ఖర్చు నిధి నుంచి తీయకుండా కమిటీ సభ్యులమే భరించాలని నిర్ణయించుకున్నాము.