టాప్ సర్జరీ తర్వాతి ఆరు వారాలకు ఇంటిని సిద్ధం చేసినవాళ్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. టాప్ సర్జరీ, అంటే ఛాతీని చదునుగా చేసే ఆపరేషన్ అయ్యాక మా ఇంట్లో కోలుకుంటున్న తమ్ముడికి ఇక బరువులెత్తొచ్చని డాక్టరుగారు చెప్పేశారు. సాయం చేసినవాళ్లు పేర్లు రాయొద్దన్నారు. అందుకే ఎవరు ఏం చేశారో మాత్రం కొలతలతో సహా రాస్తున్నాం. హైదరాబాద్‌లో ఆపరేషన్ తేదీ ఖాయమైన ఇంకో ఇంటికి పనికొస్తుంది.

మొదటి దండం నర్సు పని చేసే సిస్టర్ అక్కకి. ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు వచ్చి, మంచం సంగతి తర్వాత చూద్దామని ముందు తలుపులు చూసింది. బాత్రూమ్ గడియ తలకంటే ఎత్తులో ఉంది. చేతులు భుజం దాటి లేస్తే కుట్టు దగ్గర చర్మం లాగుతుంది, మచ్చ వెడల్పవుతుంది. నడుమెత్తులో కొత్త గడియ బిగించే పని అప్పుడే మొదలైంది. అటక మీది దుప్పట్లు, పై అరలోని పోపుల పెట్టె, దండెం మీది తువ్వాళ్లు, అన్నీ బల్ల మీదికి దిగాయి. బరువు సంగతీ అక్కే తేల్చింది: నిండు బకెట్ పదిహేను కిలోల పైమాటే, మంచినీళ్ల క్యాన్ ఇరవై. రెండు కిలోలు దాటింది ఏదీ ముట్టుకోకూడదు. ఆ క్యాన్‌ని రోజూ పైకి మోసుకొచ్చి డిస్పెన్సర్ మీద బోర్లించిన కింది వాటా అన్నకి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

డ్రెయిన్ల పని నేర్పిందీ సిస్టర్ అక్కే. లోపల చేరే నెత్తురు, నీరు బయటికి లాగడానికి ఛాతీకి ఇటొకటి అటొకటి సన్నని గొట్టం, చివర మెత్తటి బుడ్డి. అదే డ్రెయిన్. చేతులు కడుక్కుని, ఒక చేత్తో చర్మం దగ్గర గొట్టాన్ని కదలకుండా పట్టుకోవాలి. రెండో చేతి వేళ్లకు కాస్త శానిటైజర్ రాసుకుని, గొట్టాన్ని నొక్కుతూ బుడ్డి దాకా జార్చాలి. గడ్డకట్టిన నెత్తురు అలా కిందికి దిగుతుంది. తర్వాత బిరడా తీసి, కొలత గ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీలీటర్లో రాసుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బుడ్డిని పూర్తిగా నొక్కి, నొక్కి ఉంచే బిరడా పెట్టాలి. ముందే బిరడా పెట్టేస్తే లోపలి గాలి బయటికి పోదు, లాగే శక్తి ఉండదు, నీరు చర్మం కింద చేరుతుంది. బుడ్డి గుండ్రంగా ఉబ్బి కనిపిస్తే అది పనిచేయడం లేదనే అర్థం.

లెక్కకి ఒక నోటు పుస్తకం: టైము, కుడి, ఎడమ. ఒక్కో డ్రెయిన్‌లో ఇరవై నాలుగు గంటలకు సుమారు 30 మిల్లీలీటర్లలోపు వస్తే తీసేసే డాక్టర్లు ఎక్కువ, కానీ మీ సర్జన్ చెప్పిన లెక్కే లెక్క. ఎరుపు మెల్లగా గులాబీకి, తర్వాత పసుపుకి తిరగాలి. మళ్లీ చిక్కటి ఎరుపు వచ్చినా, ఒక పక్క మాత్రమే గట్టిగా ఉబ్బి నొప్పి పెరిగినా, లోపల నెత్తురు చేరుతుందేమో. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి ఫోన్. బండి లేకపోతే 108.

బుడ్డీలు పెట్టుకోవడానికి చిక్కడపల్లి టైలర్ భాయ్ పాత లుంగీ గుడ్డతో రెండు సంచులు కుట్టిచ్చాడు: వెడల్పు నాలుగంగుళాలు, లోతు ఆరు, నడుముకి పట్టీ. బుడ్డి ఎప్పుడూ గొట్టం లోపలికెళ్లే చోటుకంటే కిందే ఉండాలి. చొక్కాలు ముందు గుండీలవి, ఒక సైజు పెద్దవి. ఛాతీని బిగించి ఉంచే కంప్రెషన్ వెస్ట్ రెండుండాలి, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి ఒంటి మీద. ఎండాకాలంలో దాని కింద పలచటి కాటన్ బనీను మడత పడకుండా వేయాలి. మడత పడిన చోటే బొబ్బలొస్తాయి.

కోఠి సర్జికల్ దుకాణంలో కొన్న ఏటవాలు దిండుని అడక్కుండానే పంపిన స్నేహితులకు థాంక్స్. మూడు మామూలు దిళ్లు పేరిస్తే అర్ధరాత్రికి జారిపోతాయి. ఏటవాలు దిండు, మోకాళ్ల కింద ఇంకోటి, పక్కలకి చెరొకటి ఉంటే వెల్లకిలా పడుకున్న మనిషి దొర్లడు. ఆపరేషన్ ముందురోజు జుట్టు పొట్టిగా కత్తిరించిన సెలూన్ అన్న వల్ల తలస్నానం బెడద తప్పింది. చనుమొనల మీది కట్టు విప్పేదాకా, అంటే దాదాపు వారం, ఛాతీకి తడి తగలకూడదు కదా. నడుము కింద మాత్రమే తడిగుడ్డతో తుడవడం.

ఇక ఎదురింటి ఆంటీ. పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లల్లో ప్రతి పెద్దావిడా అంటుంది, ఆవిడా అంది. వాదించకుండా డాక్టరుగారికి ఫోన్ కలిపి చేతికిచ్చాం. పుండు మానాలంటే ప్రోటీన్ కావాలని విన్నాక, రోజూ ముద్దపప్పు, రెండు ఉడికించిన గుడ్లు గిన్నెలో వచ్చేవి. కుట్ల మీద పసుపు రాద్దామన్న మాట కూడా పాలల్లోకి మళ్లింది. కొన్ని నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే ఛాతీ మీద భారం పడుతుంది. డాక్టరుని అడిగి ఇసబ్‌గోల్ ఒక చెంచా, నిండు గ్లాసు నీళ్లతో. నీళ్లు తగ్గితే అది ఇంకా బిగదీస్తుంది. ఏం ఆపరేషనని ఆంటీ ఒక్కసారీ అడగలేదు. కారం తగ్గించనా అని మాత్రమే అడిగింది.

ఏటవాలు దిండు ఉతికిన గలేబుతో, కొలత గ్లాసు కడిగి మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, కావలసినవాళ్లు తీసుకెళ్లండి. సంచుల కొలతల కాగితం టైలర్ భాయ్ దగ్గరే ఉంది. డబ్బులు తీసుకోడు. పాత లుంగీ మాత్రం మీరే పట్టుకెళ్లాలి.