మా తమ్ముడి కోసం నిలబడిన అందరికీ కృతజ్ఞతలు

పలమనేరు, చిత్తూరు, తిరుపతిలో మా వెనక నిలబడిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కారం. మా తమ్ముడు సౌదీ జైలు నుంచి విడుదలై ఇంటికొచ్చేశాడు.

వాడు అక్కడ నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. యాక్సిడెంట్‌లో ఒకాయన చనిపోయారు. బండి ఇన్సూరెన్స్ గడువు దాటిపోయినా యజమాని కట్టలేదు. ‘షరియత్ కోర్టు కదా, ప్రాణానికి ప్రాణమే’ అని ఊళ్లో తలా ఒక మాట అంటుంటే మా అమ్మ అన్నం ముట్టడం మానేసింది.

చిత్తూరు మౌల్వీ సాబ్ అరబ్బీ తీర్పు మొత్తం చదివి మాకు తెలుగులో చెప్పారు. ప్రాణానికి ప్రాణం, అంటే కిసాస్, కావాలని చంపినప్పటి మాట. పొరపాటున ప్రాణం పోతే వారసులకు దియా, అంటే పోయిన ప్రాణానికి పరిహారంగా ఇచ్చే సొమ్ము, కట్టాలి. ఖురాన్ నాలుగో సూరా 92వ ఆయత్ చూపించి, ఆ సొమ్మును వారసులు దానంగా వదిలేయొచ్చని కూడా ఇందులోనే ఉందమ్మా అన్నారు. ఆ మాటతోనే మా ఇంట్లో మళ్లీ పొయ్యి వెలిగింది.

సౌదీలో ముస్లిం పురుషుడు ప్రమాదంలో చనిపోతే దియా 3 లక్షల రియాళ్లు. 2011లో అంతకు పెంచారు. తప్పు సగం మావాడిదని తేల్చారు కాబట్టి లక్షన్నర, మన డబ్బుల్లో 30 లక్షల పైమాటే. సర్కారు వేసిన శిక్ష పూర్తయినా, వారసుల హక్కు తీరలేదని వాణ్ణి లోపలే ఉంచారు. చనిపోయింది ఆడమనిషి అయితే అక్కడ దియా సగమేనట. మౌల్వీ సాబ్ అదీ దాచలేదు. దాన్ని నేను ఒప్పుకోలేను. డబ్బున్నవాడు బయట, లేనివాడు లోపల అన్నదీ నాకు న్యాయమనిపించదు.

తిరుపతి లాయరు గారు ఎంబసీకి అర్జీలన్నీ రూపాయి తీసుకోకుండా రాసిచ్చారు. మన దగ్గరైతే నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసు, ఆ ఇంటివాళ్లు రాజీకొచ్చినంత మాత్రాన పోదని, పరిహారం సంగతి వేరే ట్రిబ్యునల్ చూస్తుందని ఆయన చెప్పాకే తేడా నాకు అర్థమైంది.

టమోటా మండీ వాళ్లు, ఆటో స్టాండు అన్నలు, జుమ్మా నమాజు తర్వాత చందా పట్టిన మసీదు పెద్దలు, వాడితో చదువుకున్న పిల్లలు... మీ రుణం ఎలా తీర్చుకోను? 2024లో, సౌదీ జైల్లో ఉన్న కేరళ కోళికోడు అబ్దుల్ రహీంను మరణశిక్ష నుంచి తప్పించడానికి మలయాళీలు 34 కోట్లు పోగుచేశారని విని, మనకెవరున్నారని ఏడ్చాను. రియాద్‌లోని మలయాళీ అన్నలే మా కోసం కూడా చనిపోయినాయన ఇంటికి వెళ్లి మాట్లాడారు.

అందరికన్నా ఎక్కువగా దండం పెట్టాల్సింది చనిపోయినాయన తల్లికి. కొడుకును పోగొట్టుకున్న ఆమె సగం సొమ్ము తీసుకుని, మిగతాది అల్లా పేరు మీద వదిలేసింది. ఆమెను మేం కళ్లారా చూడలేదు. ఈ నాలుగు ముక్కలు అరబ్బీలో రాసి ఆమెకు చేరుస్తానని మౌల్వీ సాబ్ మాటిచ్చారు.

వచ్చిన చందా, కట్టిన సొమ్ము, మిగిలింది అన్నీ పుస్తకంలో రాసి పెట్టాం. ఎవరైనా ఇంటికొచ్చి చూసుకోవచ్చు. మిగిలిన డబ్బు, ఇలాగే దియా కట్టలేక వాడితో పాటు అదే జైల్లో ఉన్న ఒక డ్రైవరు ఇంటికి పంపుతున్నాం.