పాత డివిడెండ్లు వారసులకు అందేదెలా?

సంపాదకులకు నమస్కారం.

ఏ కంపెనీ షేరుకు ఎంత డివిడెండ్ (లాభంలో వాటాదారులకు పంచే భాగం) ప్రకటించిందో పత్రికలు రాస్తూనే ఉంటాయి. ప్రకటించాక వాటాదారు చేతికి చేరకుండా ఆగిపోయిన సొమ్ము సంగతి ఎవరికీ పట్టదు. తిరుపతి, చిత్తూరుల్లో పాత ఉద్యోగుల ఇళ్లలో ట్రంకుపెట్టెలు తెరిస్తే మాత్రం షేరు కాగితాలు ఇప్పటికీ దొరుకుతాయి.

1973 ఫెరా (విదేశీ మారకద్రవ్య నియంత్రణ) చట్టం ఇక్కడి చాలా విదేశీ కంపెనీల్లో విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించమంది. దాంతో అవి మన జనానికి షేర్లు అమ్మాయి. 1977లో రిలయన్స్ కూడా జనానికి షేర్లు అమ్మింది. టీచర్లు, బ్యాంకు గుమస్తాలు షేర్లు కొన్నది ఆ రోజుల్లోనే. ధర పెరిగిందా తగ్గిందా అని వాళ్లు రోజూ చూసుకునేవాళ్లు కాదు, పోస్టులో వచ్చే డివిడెండ్ వారెంటే (చెక్కు లాంటి కాగితం) వాళ్లకు లెక్క. బదిలీ అయితే ఆ కవరు పాత ఇంటికే పోయేది. వారెంటు గడువు దాటితే కంపెనీకి మళ్లీ ఉత్తరం రాయాలి. ఎంతమంది రాసి ఉంటారు?

అలా మిగిలిన డబ్బు ఒకప్పుడు మూడేళ్లకే కేంద్ర ఖజానాకు పోయేది. 1999 సవరణతో గడువు ఏడేళ్లయింది, ఐఈపీఎఫ్ (మదుపరుల అవగాహన, రక్షణ నిధి) అనే కేంద్ర నిధి ఏర్పడింది. అందులో పడిన డబ్బును తిరిగి అడిగే హక్కు 2013 కంపెనీల చట్టంతో గానీ రాలేదు. ఆ చట్టమే ఇంకో మెలికా పెట్టింది: వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు కూడా ఆ నిధికే వెళ్తాయి. నలభై ఏళ్లలో బోనస్‌లు (కంపెనీ ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు) కలిసి పెరిగిన షేర్లు డివిడెండ్ కంటే ఎన్నో రెట్లు విలువైనవి. అసలు నష్టం అక్కడే.

తిరిగి తెచ్చుకోవడానికి దారి ఉంది, నిజమే. ఆన్‌లైన్‌లో ఐఈపీఎఫ్-5 ఫారం నింపి, కాగితాలు కంపెనీలో ఈ పని చూసే నోడల్ అధికారికి పంపాలి. షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే డీమ్యాట్ ఖాతా ఉండాలి. మనవాళ్లకు చిక్కంతా పేరు దగ్గరే వస్తుంది. షేరు కాగితం మీద పొడి అక్షరాలు, పాన్ కార్డులో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో అదే ఇంటిపేరు చివర. మూడూ ఒక్క మనిషివేనని రుజువు చేయడానికి అఫిడవిట్లు, సంతకానికి బ్యాంకు మేనేజర్ ధ్రువీకరణ, వారసత్వానికి తహసీల్దారు సర్టిఫికెట్. డెబ్బై ఏళ్ల ఆవిడ ఇవన్నీ పట్టుకుని ఎక్కడ తిరుగుతుంది? చివరికి ‘మేం తెప్పిస్తాం, మాకింత’ అనే మధ్యవర్తి చేతిలో పెడుతుంది.

ప్రకటించిన డివిడెండ్‌ను 30 రోజుల్లో ఇవ్వని కంపెనీ 18 శాతం వడ్డీ కట్టాలని చట్టం చెబుతోంది. వారసులు తిరిగిన కాలానికి వడ్డీ ఎవరు కట్టాలి?

ఐఈపీఎఫ్ అథారిటీ పుణె, హైదరాబాద్ లాంటి నగరాల్లో శిబిరాలు పెట్టింది. తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లలోనూ అలాంటివి పెట్టాలి. కంపెనీ ప్రతినిధి, తహసీల్దారు, బ్యాంకు అధికారి ఒకే చోట కూర్చుంటే సగం పని అక్కడే తెగుతుంది. ఫారాలు, సూచనలు తెలుగులో ఉండాలి. తీసుకోని డివిడెండ్ల జాబితాలను కంపెనీలు ఎలాగూ తమ వెబ్‌సైట్లలో పెడుతున్నాయి. వాటిలో మన పిన్‌కోడ్ల పేర్లను వేరుచేసి గ్రామ, వార్డు సచివాలయాలకు పంపడం పెద్ద ఖర్చేమీ కాదు. మన ఎంపీలు ఈ మాట కంపెనీ వ్యవహారాల శాఖ చెవిన వేయాలి.

— ఒక విశ్రాంత ఉద్యోగి, భవానీనగర్, తిరుపతి