రెండు పందులున్న ఇంటికి ఏ పథకమూ లేదా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో సీమ పందుల (విదేశీ జాతివి) ఫారాల మీద వచ్చిన కథనం చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. పెద్ద షెడ్లు, సబ్సిడీ వివరాలు అన్నీ బాగానే రాశారు. నాటు పందుల గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం: ఎదుగూ బొదుగూ లేనివి, రోగాల పుట్టలు, వదిలించుకుంటేనే లాభమని! ఇంటి వెనక రెండు తల్లి పందులను పెట్టుకుని పిల్లల చదువులు గట్టెక్కించిన కుటుంబాల్లో మాదీ ఒకటి. ఆ మాట అచ్చేసే ముందు మాలాంటి వాళ్లను ఒక్కరినైనా అడగాల్సింది.

నాటు పంది చిన్నదే. సీమ పందిలా ఏడెనిమిది నెలల్లో క్వింటాలు తూగదు. కానీ తవుడు, కూరగాయల తుక్కు, చేలో మిగిలిన దుంపలతోనే పెరుగుతుంది. నల్ల చర్మం కాబట్టి ఎండకు అంత త్వరగా కమిలిపోదు. ఇక ఈనే ముందు రోజు దాన్ని చూడాలి. గడ్డి, ఎండుటాకులు నోట కరుచుకొచ్చి ఓ మూల పోగేస్తుంది. ముట్టెతో తోసి, కాలితో గీరి, గుంటలా సర్దుకుని అందులో పడుకుంటుంది. పుట్టిన పిల్లలు కొద్ది రోజుల్లోనే దేని చన్ను అది ఎంచుకుంటాయి, మళ్లీ మారవు. కదలకుండా ఇనుప చట్రంలో ఈనించే ఫారాల్లో తల్లికి ఆ గూడు కట్టుకునే వీలెక్కడిది?

ఊరి మీద వదిలేసిన పందుల వల్ల మెదడువాపు, బద్దెపురుగు బెడద ఉన్నమాట నిజం. అందుకే దొడ్డి కట్టి పెంచాలి. తప్పు పెంపకానిది, జాతిది కాదు. పందులను చంపే వైరస్ జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ను కూడా మీరు వీటి ఖాతాలోనే వేశారు. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మన దేశంలో తొలిసారి బయటపడ్డ ఆ జబ్బుకు సీమ, నాటు తేడా లేదు. మనుషులకైతే అసలు సోకదు. ఇది రాయకుండా జనాన్ని భయపెట్టడం బాధ్యత అనిపించుకోదు.

2012లో దేశంలో కోటీ 3 లక్షల పందులుంటే 2019 పశుగణన నాటికి 90 లక్షల చిల్లరకు పడిపోయాయి. అయినా అధికారుల చూపంతా పెద్ద ఫారాల మీదే. 2021లో సవరించిన కేంద్ర పశుపోషణ పథకం, జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌లో 100 తల్లి పందులు, 10 మగ పందులు పెట్టేవాళ్లకు రూ.30 లక్షల దాకా సబ్సిడీ ప్రకటించారు. రెండు తల్లులున్న ఇల్లు ఏ కాగితంలో కనబడుతుంది?

మాకు కావాల్సింది లక్షలు కాదు, మంచి మగ పంది. అవసరం కొద్దీ బాగా ఎదిగిన మగపిల్లనే ముందు అమ్ముకుంటాం. మిగిలిన బక్కదే చూలు కట్టిస్తుంది, అదీ తన సొంత పిల్లలకే. ఇలా నాలుగు తరాలు గడిస్తే ఏ జాతైనా నీరసిస్తుంది. మండలానికి రెండు మేలైన నాటు మగ పందులను పెట్టి, ఏడాదికోసారి ఊళ్లు మారిస్తే చాలు. ఈ మాట ఎన్ని మీటింగుల్లో మొత్తుకున్నా రాసుకున్నవాళ్లు లేరు.

టీకాల సంగతి చెబితే టెన్షనే. 2019లో గాలికుంటు నివారణ కార్యక్రమం ప్రకటించినప్పుడు పందులనూ చేర్చారు. తీరా వెళ్లి అడిగితే "గేదెలకే చాల్లేదు, పందులకా?" అని అందరి ముందూ నవ్వారు. పశువైద్యమంటే పాడి పశువులకేనా? పందుల్ని సాకేవాళ్లంటే, ముఖ్యంగా తరతరాలుగా వీటినే నమ్ముకున్న ఎరుకల కుటుంబాలంటే, ఆఫీసుల్లో ఇప్పటికీ అదే చులకన.

అసలు సీమ పందిని మెరుగుపరచడానికీ నాటు రక్తమే కావాల్సి వచ్చింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తయారుచేసిన టి-17 రకంలో పాతిక శాతం నాటు పందిదే. గువాహటి దగ్గర తీసిన 'రాణి' రకంలో సగం బెంగాల్ నాటు జాతి ఘుంగ్రూది. ఆ నాటు జాతే పోతే రేపటి సంకరానికి ఎక్కడికి పోతారు? న్యూజిలాండ్‌లో మావోరీలు పెంచిన కునెకునె అనే చిన్న పంది 1970లలో అంతరించే స్థితికి వస్తే, పూనుకున్నవాళ్లు పద్దెనిమిదింటిని పోగేసి నిలబెట్టారు.

ఘుంగ్రూ, గోవా అగోండా, నాగాలాండ్ తెన్యి వో అనే నాటు పంది జాతులను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసింది. మన పల్లెల్లో మిగిలిన నల్ల పందుల కొలతలు, ఈతలు, రంగులు కూడా ఊరూరా తిరిగి రాసుకోవాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను. నాలుగైదు పందులున్న కుటుంబాలకు దొడ్డి, నీటి తొట్టి కట్టుకునేంత సాయమైనా చేయాలి. మీరు కూడా ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనుషులకు సోకదన్న సవరణను అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయాలని మనవి.

ఇట్లు,
నాటు పందులు పెంచే ఒక రైతు